విదేశాల్లో నెల రోజులకు ఫ్లాట్ కావాలా? ఆ ‘30 రోజుల గీత’ దగ్గరే అసలు చిక్కు!

వీసా వచ్చేసింది. ఫ్లైట్ టికెట్ బుక్ అయింది. ఆవకాయ, కందిపొడి ప్యాకింగ్ కూడా పూర్తయింది. మరి దిగాక మొదటి మూడు వారాలు ఉండేదెక్కడ? విదేశాలకు వెళ్లే చాలా మంది ఈ ప్రశ్నను ఆఖర్న పట్టించుకుంటారు. చేతిలో ఫోన్ ఉంది, యాప్‌లో ఫ్లాట్లు బోలెడు కనిపిస్తున్నాయి, ఏదో ఒకటి బుక్ చేసేస్తే సరిపోతుందిలే అనుకుంటారు. కొన్నేళ్ల కిందటి వరకు అది నిజమే. ఇప్పుడు సీన్ మారింది.

న్యూయార్క్ నుంచి బార్సిలోనా దాకా, పారిస్ నుంచి సింగపూర్ దాకా పెద్ద నగరాలు తాత్కాలిక అద్దెలపై కొరడా ఝళిపిస్తున్నాయి. ‘మా ఇళ్లు మా జనానికి కావాలి, టూరిస్టులకు కాదు’ అన్నది వాటి వాదన. అందులో న్యాయం ఉంది. కానీ ఈ నిబంధనల దెబ్బ టూరిస్టుల మీదే పడటం లేదు. సెమిస్టర్ మొదలయ్యే ముందు దిగే విద్యార్థి, కూతురి పురిటికి వెళ్లే అమ్మానాన్నలు, నెల రోజుల ప్రాజెక్టు మీద వెళ్లే సాఫ్ట్‌వేర్ ఉద్యోగి.. వీళ్లందరూ మధ్యలో ఇరుక్కుంటున్నారు. హోటల్‌లో ఉండాలంటే జేబుకు చిల్లు. ఏడాది లీజు తీసుకోవాలంటే అవసరం లేదు, అర్హత కూడా లేదు. మధ్యలో ఉన్న ఒక్క దారీ ఇరుకైపోతోంది.

న్యూయార్క్‌లో ఏం జరిగింది?

ఈ కథలో పెద్ద మలుపు న్యూయార్క్‌దే. అక్కడి ‘లోకల్ లా 18’ 2022లో చట్టమైంది. 2023 సెప్టెంబర్ 5 నుంచి అమలు మొదలైంది. దాని ప్రకారం 30 రోజుల లోపు ఇల్లు అద్దెకివ్వాలంటే యజమాని నగరపాలక సంస్థ దగ్గర రిజిస్టర్ చేసుకోవాలి. అతిథులు ఉన్నన్నాళ్లూ తానూ అదే ఇంట్లో ఉండాలి. డబ్బిచ్చి ఉండే అతిథులు ఇద్దరికి మించకూడదు. అంటే మొత్తం ఫ్లాట్‌ను తాళంతో సహా చేతికిచ్చి ‘రెండు వారాలు ఉండండి’ అనే పద్ధతికి అక్కడ దాదాపు తెరపడినట్టే.

నిబంధన మీరిన యజమానికి 5 వేల డాలర్ల వరకు జరిమానా పడుతుంది. రిజిస్ట్రేషన్ లేని ఇంటి బుకింగ్ నడిపిన వెబ్‌సైట్లకూ జరిమానా తప్పదు. అతిథికి మాత్రం జరిమానా ఉండదు. అలాగని అతిథి సేఫ్ అనుకోవడానికి లేదు. అక్రమ బుకింగ్ రద్దయితే రోడ్డున పడేది సూట్‌కేసులతో దిగినవాళ్లే కదా!

చట్టం అమల్లోకి వచ్చాక న్యూయార్క్‌లో రోజుల లెక్కన దొరికే ఫ్లాట్ల ప్రకటనలు భారీగా తగ్గిపోయాయి. వాటిలో చాలా వరకు ‘కనీసం 30 రాత్రులు’ అనే షరతుతో మళ్లీ ప్రత్యక్షమయ్యాయి. నగరంలో అద్దెలు మాత్రం దిగిరాలేదు.

హడ్సన్ నది దాటి న్యూజెర్సీ వైపు వెళ్తే సులువా అంటే అదీ కాదు. తెలుగువాళ్లు పెద్ద సంఖ్యలో ఉండే జెర్సీ సిటీలో 2019 నవంబర్‌లోనే ఓటర్లు రెఫరెండంలో తాత్కాలిక అద్దెల కట్టడికి ఓటేశారు. యజమాని అక్కడ ఉండకపోతే ఏడాదికి 60 రాత్రులకు మించి ఇవ్వడానికి లేదు. అద్దెకు ఉంటున్నవాళ్లు ఆ ఇంటిని మళ్లీ రోజుల లెక్కన ఇంకొకరికి ఇవ్వకూడదు.

గీతకు అటూ చిక్కే, ఇటూ చిక్కే

ఇక్కడే అసలు ట్విస్ట్ ఉంది. సరే, 30 రోజులు దాటేలా తీసుకుందాం అనుకుంటే అక్కడ ఇంకో గోడ ఎదురవుతుంది. న్యూయార్క్‌లో చట్టబద్ధంగా 30 రోజులు వరుసగా ఉన్న వ్యక్తిని కోర్టుకు వెళ్లకుండా ఖాళీ చేయించడం కుదరదు. అది అద్దెకుండేవాళ్లకు రక్షణ. కానీ యజమానులకు అదే భయం. అందుకే ముక్కూమొహం తెలియని మనిషికి నెల దాటి ఇవ్వాలంటే సవాలక్ష కాగితాలు అడుగుతారు.

క్రెడిట్ స్కోర్ ఉందా? సోషల్ సెక్యూరిటీ నంబర్ ఉందా? ఏడాది ఆదాయం నెల అద్దెకు 40 రెట్లు ఉందా? న్యూయార్క్ ఇళ్ల ఓనర్లు మామూలుగా అడిగే ప్రశ్నలివి. నిన్న విమానం దిగిన విద్యార్థి దగ్గర వీటిలో ఏదీ ఉండదు. గ్యారంటర్‌ను తెమ్మంటే వాళ్ల ఆదాయం ఇంకా ఎక్కువ ఉండాలంటారు. ఆ ఊళ్లో తెలిసినవాళ్లే లేనప్పుడు గ్యారంటీ ఎవరిస్తారు?

అంటే 30 రోజుల లోపు కావాలంటే చట్టం ఒప్పుకోదు. 30 రోజులు దాటితే ఓనర్ ఒప్పుకోడు. సరిగ్గా ఈ సందులోనే మనవాళ్లు ఇరుక్కుంటున్నారు.

విద్యార్థులకు ఎందుకింత ముఖ్యం?

ఓపెన్ డోర్స్ నివేదిక ప్రకారం 2024-25లో అమెరికాలో 3,63,019 మంది భారతీయ విద్యార్థులున్నారు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల నుంచి ఏటా వెళ్లేవాళ్లు తక్కువేం కాదు. ఎఫ్-1 వీసా ఉన్నవాళ్లు కోర్సు మొదలయ్యే తేదీకి 30 రోజుల ముందు నుంచి మాత్రమే అమెరికాలో అడుగుపెట్టొచ్చు. క్యాంపస్ దగ్గర లీజులేమో చాలా చోట్ల ఆగస్టులో ఒక నిర్ణీత తేదీనే మొదలవుతాయి. ముందుగా దిగినవాళ్లకు మధ్యలో పది రోజులో, ఇరవై రోజులో ఖాళీ. ఆ ఖాళీ కోసమే ‘టెంపరరీ అకామడేషన్’ అనే మాట పుట్టింది. అమెరికా వెళ్లిన ఏ తెలుగు విద్యార్థిని కదిపినా ఈ మాట వినిపిస్తుంది.

చాలా యూనివర్సిటీల్లో భారతీయ విద్యార్థి సంఘాలు ఈ ఏర్పాటు చూస్తున్నాయి. కొత్తగా వచ్చేవాళ్లను సీనియర్లు తమ ఫ్లాట్లలో కొద్ది రోజులు ఉంచుకుంటారు. హాల్లో పరుపు వేస్తారు, ఒక పూట అన్నం పెడతారు. ఈ సాయం లేకపోతే ఎంతోమంది మొదటి వారంలోనే హడలిపోయేవాళ్లు. కాకపోతే దీనికీ ఒక హద్దు ఉంది. అమెరికాలో చాలా లీజుల్లో అతిథులు ఇన్ని రోజులకు మించి ఉండకూడదనే షరతు ఉంటుంది. రెండు వారాలు దాటితే ఓనర్ అనుమతి కావాలనే నిబంధన మామూలే. పరిమితి దాటితే ఇబ్బంది పడేది లీజు మీద సంతకం పెట్టిన సీనియరే.

అమ్మానాన్నలు ఆరు నెలల కోసం వెళ్లినప్పుడూ ఇదే తంతు. కొడుకు ఇంట్లో ఉండటానికి అనుమతి ఎందుకు అని మనకు అనిపిస్తుంది. అక్కడి లీజుకు అమ్మానాన్న అనే వరసలు తెలియవు. అందులో పేరుంటే కిరాయిదారు, లేకపోతే అతిథి. వాళ్లు రావడానికి ముందే లీజింగ్ ఆఫీసుకు ఈమెయిల్ పెట్టి రాతపూర్వకంగా ఒప్పించుకుంటే తర్వాత తలనొప్పి ఉండదు.

ఐరోపాలో రాత్రుల లెక్క

ఐరోపాలో ఒక్కో నగరానిది ఒక్కో లెక్క. లండన్‌లో ఒక ఇంటిని ప్రత్యేక అనుమతి లేకుండా ఏడాదికి 90 రాత్రులకు మించి తాత్కాలిక అద్దెకివ్వకూడదు. పారిస్‌లో సొంతంగా నివసించే ఇంటికి 120 రాత్రుల పరిమితి ఉండేది. 2025 జనవరి నుంచి దాన్ని 90కి తగ్గించారు. ఆమ్‌స్టర్‌డామ్ 2019లోనే 30 రాత్రులకు కుదించింది.

అందరికంటే గట్టిగా మాట్లాడింది బార్సిలోనా. ఆ నగరంలో టూరిస్టులకు ఇచ్చేందుకు లైసెన్సున్న 10,101 ఫ్లాట్ల అనుమతులను 2028 నవంబర్ నాటికి పూర్తిగా ఎత్తేస్తామని మేయర్ జౌమె కొల్‌బోని 2024 జూన్‌లో ప్రకటించారు. పదేళ్లలో అక్కడ అద్దెలు 68 శాతం పెరిగాయన్నది ఆయన చెప్పిన కారణం. 2025 మేలో స్పెయిన్ ప్రభుత్వం మరో అడుగు వేసింది. నిబంధనలకు విరుద్ధంగా ఉన్న 65 వేలకు పైగా ప్రకటనలను తొలగించాలని ఎయిర్‌బీఎన్‌బీని ఆదేశించింది.

దీని ప్రభావం వీసా దాకా వెళ్తుంది. షెంజెన్ వీసాకు దరఖాస్తు చేసేటప్పుడు బస ఎక్కడో రుజువు చూపించాలి. వీసా కోసం చూపించిన ఫ్లాట్ ప్రయాణం నాటికి సైట్‌లో లేకుండా పోతే కొత్త అడ్రస్ వెతుక్కోవాల్సిన పని మళ్లీ మొదటికొస్తుంది. అందుకే లైసెన్స్ లేదా రిజిస్ట్రేషన్ నంబర్ తప్పనిసరి చేసిన నగరాల్లో అది కనిపించని ప్రకటనను పక్కన పెట్టేయడమే మేలు.

జర్మనీలో కాగితమే కీలకం

జర్మనీ వెళ్లే మనవాళ్లకు ఇంకో చిక్కుంది. అక్కడ ఇంట్లో దిగిన రెండు వారాల్లోపు స్థానిక కార్యాలయంలో అడ్రస్ నమోదు చేయించుకోవాలి. దాన్నే ‘అన్‌మెల్డుంగ్’ అంటారు. అందుకు ఇంటి ఓనర్ సంతకం చేసిన ధ్రువీకరణ పత్రం కావాలి. ఆ నమోదు అయితేనే ట్యాక్స్ నంబర్ ఇంటికొస్తుంది. రెసిడెన్స్ పర్మిట్ పనులు కదులుతాయి. చాలా బ్యాంకులూ దాన్నే అడుగుతాయి.

రోజుల లెక్కన దొరికే చాలా ఫ్లాట్లలో ఓనర్లు ఆ సంతకం పెట్టరు. ‘నో అన్‌మెల్డుంగ్’ అని ప్రకటనలోనే రాసేస్తారు. అద్దె తక్కువని అలాంటి గది తీసుకుంటే తలదాచుకోవడానికి చోటు ఉంటుంది కానీ మిగతా పనులన్నీ ఆగిపోతాయి. కాబట్టి జర్మనీలో ఓనర్‌ను అద్దె ఎంత అనడిగే ముందు అన్‌మెల్డుంగ్‌కు సంతకం పెడతారా అని అడగాలి. అడ్వాన్సు విషయంలో మాత్రం చట్టం కిరాయిదారు వైపే ఉంది. మూడు నెలల మూల అద్దెకు మించి డిపాజిట్ తీసుకోకూడదు. దాన్ని కూడా మూడు వాయిదాల్లో కట్టొచ్చు.

ఆసియాలోనూ అంతే

సింగపూర్‌లో ప్రైవేటు ఫ్లాట్‌ను మూడు నెలల కంటే తక్కువ కాలానికి అద్దెకివ్వడం చట్టవిరుద్ధం. ప్రభుత్వ హౌసింగ్ బోర్డు ఫ్లాట్లకైతే కనీసం ఆరు నెలలు. అంటే అక్కడ వారం, పది రోజులకు హోటళ్లు, అనుమతి ఉన్న సర్వీస్డ్ అపార్ట్‌మెంట్లే దిక్కు. ‘తెలిసినవాళ్ల ఫ్లాటే, రెండు వారాలు ఉండండి, రోజుకింత ఇవ్వండి’ అని ఎవరైనా అంటే ఒకటికి రెండుసార్లు ఆలోచించాలి. జపాన్‌లో 2018 జూన్‌లో వచ్చిన చట్టం ఇళ్లను ఏడాదికి 180 రోజుల వరకు అతిథులకు ఇవ్వడానికి అనుమతిస్తోంది. దుబాయ్‌ది వేరే దారి. పర్యాటక శాఖ పర్మిట్ ఉన్న ‘హాలిడే హోమ్’ను రోజుల లెక్కనైనా, నెలల లెక్కనైనా తీసుకోవచ్చు.

లైసెన్స్ ఉంటే సరిపోతుందా?

ఉంటే మంచిదే, కానీ అదొక్కటే చాలదని 2025 నవంబర్‌లో తేలిపోయింది. అపార్ట్‌మెంట్లను హోటల్ తరహాలో రోజుల లెక్కన ఇచ్చే సోండర్ సంస్థతో ఒప్పందం రద్దు చేసుకున్నట్టు నవంబర్ 9న మారియట్ ప్రకటించింది. మరుసటి రోజే సోండర్ దుకాణం మూసేస్తున్నట్టు, దివాలాకు వెళ్తున్నట్టు చెప్పేసింది. అప్పటికే గదుల్లో ఉన్న అతిథులను ఉన్నపళంగా ఖాళీ చేయమన్నారు. పెద్ద పేరు చూసి బుక్ చేసుకున్నవాళ్లు పెట్టెలు సర్దుకుని బయటికి రావాల్సి వచ్చింది.

ఇందులో పాఠం ఒకటే. డబ్బు ఎలా కట్టామన్నది ముఖ్యం. క్రెడిట్ కార్డుతో కడితే సేవ అందనప్పుడు బ్యాంకు ద్వారా డబ్బు వెనక్కి అడిగే వీలుంటుంది. వైర్ ట్రాన్స్‌ఫర్, అమెరికాలో జెల్ లాంటి వాటితో పంపితే అది నోట్ల కట్ట చేతిలో పెట్టినట్టే.

సందులో దూరుతున్న మోసగాళ్లు

దారి ఇరుకైన చోటే మోసగాళ్లు కాపు కాస్తారు. వాళ్ల పద్ధతి దాదాపు ఎప్పుడూ ఒకటే. అమ్మకానికి పెట్టిన ఇంటి ఫొటోలు ఎత్తేస్తారు. మార్కెట్ రేటు కంటే బాగా తక్కువ అద్దె పెడతారు. ‘నేను వేరే రాష్ట్రంలో ఉన్నాను, తాళాలు కొరియర్‌లో పంపిస్తా’ అంటారు. ‘ఇంకో ఇద్దరు అడుగుతున్నారు, ఈ రాత్రికే అడ్వాన్సు పంపండి’ అని తొందరపెడతారు. హైదరాబాద్‌లోనో, గుంటూరులోనో కూర్చుని ఫోన్‌లో చూస్తున్నవాళ్లకు అది నిజమో కాదో తెలిసే దారి ఉండదు. తెలుగువాళ్ల వాట్సప్ గ్రూపులో వచ్చింది కదా అని నమ్మడమూ ప్రమాదమే. ఎవరి ద్వారా వచ్చినా ఇంటి తాళం ఎవరి చేతిలో ఉందన్నదే చూడాలి.

ఒకవేళ ఇండియా ఖాతా నుంచి డబ్బు పోతే వెంటనే 1930 సైబర్ హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయాలి. ఎంత త్వరగా చెబితే డబ్బు ఆగే అవకాశం అంత ఎక్కువ. సిగ్గుపడి రెండు రోజులు దాచిపెడితే ఆ అవకాశం చేజారిపోతుంది.

ఫ్రాన్స్ చూపిన దారి

ఇళ్లను కాపాడుకోవాలన్న నగరాల ఆలోచన తప్పని ఎవరూ అనలేరు. బార్సిలోనాలో పుట్టి పెరిగిన కుర్రాడికి సొంత ఊళ్లో ఇల్లు దొరక్కపోతే అది అన్యాయమే. అసలు లోపం ఇంకెక్కడో ఉంది. చాలా నగరాల చట్టాలు రాత్రులను లెక్కపెడుతున్నాయి, వచ్చినవాళ్ల అవసరాన్ని చూడటం లేదు. మూడు రోజులు సరదాగా తిరగడానికి వచ్చినవారినీ, మూడు వారాల్లో క్లాసులో కూర్చోవాల్సిన విద్యార్థినీ ఒకే గాటన కట్టేస్తున్నాయి.

రెండింటినీ విడదీయడం అసాధ్యమేమీ కాదు. ఫ్రాన్స్ 2018లోనే ఆ పని చేసింది. ‘బై మొబిలితే’ అనే ప్రత్యేక లీజు తెచ్చింది. విద్యార్థులు, ఇంటర్న్‌లు, శిక్షణకో తాత్కాలిక ఉద్యోగానికో వచ్చినవాళ్లు ఫర్నిచర్ ఉన్న ఇంటిని 1 నుంచి 10 నెలల వరకు తీసుకోవచ్చు. డిపాజిట్ అడగడం నిషేధం. ఎందుకు వచ్చారో లీజులోనే రాయాలి. ‘విజాల్’ అనే పథకం కింద అర్హులకు ఉచితంగా గ్యారంటీ కూడా దొరుకుతుంది. నెల కంటే తక్కువ కాలానికి ఇదీ పనికిరాదు. కానీ టూరిస్టు వేరు, చదువుకో పనికో వచ్చిన మనిషి వేరు అని చట్టం గుర్తించింది.

ఇంగ్లండ్ కూడా కొంత కదిలింది. అక్కడి రెంటర్స్ రైట్స్ చట్టం ప్రకారం 2026 మే 1 నుంచి ప్రైవేటు ఓనర్లు నెల రోజులకు మించి అద్దె ముందే కట్టమని అడగకూడదు. కిరాయిదారు రెండు నెలల నోటీసిచ్చి ఖాళీ చేయొచ్చు. యూకేలో గ్యారంటర్ లేడని ఆరు నెలల అద్దె ఒకేసారి కట్టాల్సి వచ్చిన మన విద్యార్థులకు ఇది పెద్ద ఊరట. కాకపోతే ప్రత్యేకంగా కట్టిన స్టూడెంట్ హాస్టళ్లలో చాలా వాటికి ఈ నిబంధన వర్తించదు.

మరి వెళ్లేవాళ్లు ఏం చేయాలి?

చట్టాలు మారేదాకా ఆగలేం కాబట్టి లెక్క ముందే చూసుకోవాలి. టికెట్ కొనే ముందే ఆ నగరంలో ఎన్ని రాత్రుల గీత ఉందో నగరపాలక సంస్థ వెబ్‌సైట్‌లో చూడాలి. ఉండబోయేది గీతకు ఇటా, అటా తేల్చుకోవాలి. న్యూయార్క్‌లో మూడు వారాలు ఉండాల్సి వస్తే యజమాని ఉండే ఇంట్లో రిజిస్టర్ అయిన గదో, హోటలో, యూనివర్సిటీ తాత్కాలిక హాస్టలో చూసుకోవాలి. లేదంటే 30 రాత్రులకు లెక్కగట్టి చూడాలి. ఒక్కోసారి 22 రాత్రుల హోటల్ బిల్లు కంటే నెల అద్దే తక్కువ పడుతుంది.

సీనియర్ల ఫ్లాట్‌లో దిగితే లీజులో అతిథుల షరతు ఏముందో అడిగి తెలుసుకోవాలి. వేరేవాళ్ల గదిని మధ్యలో తీసుకుంటే ఓనర్ అనుమతి కాగితం మీద ఉండాలి. లీజులో పేరు లేకుండా నెలల తరబడి ఉంటే అడ్రస్ రుజువు ఉండదు, గొడవొస్తే అడ్వాన్సూ తిరిగి రాదు. అమెరికాలో ఎఫ్-1 విద్యార్థులు అడ్రస్ మారిన 10 రోజుల్లోపు యూనివర్సిటీకి చెప్పి తీరాలి. తాత్కాలిక చోటు నుంచి అసలు ఇంటికి మారినప్పుడూ ఆ పని మర్చిపోకూడదు.

అన్నింటికంటే ముఖ్యం, మొదటి వారానికి రద్దు చేసుకోగలిగే హోటల్ గది ఒకటి బుక్ చేసి పెట్టుకోవడం. ఫ్లాట్ చూశాక, తాళం చేతికొచ్చాక దాన్ని రద్దు చేసుకోవచ్చు. ఫ్లాట్ దొరకకపోయినా అర్ధరాత్రి విమానాశ్రయం బయట సూట్‌కేసులు పట్టుకుని ఊళ్లో అమ్మకు ఫోన్ చేయాల్సిన పరిస్థితి రాదు.